రోము నగరపు జలాధ్యక్షుఁడు

మా యూరి నడుమ నెత్తైన నీళ్లట్యాంకు ఒకటి కలదు. దాని పాదమున గోడలో నల్లఱాతి పలక యొకటి యమర్చియున్నది. పునాది వేసినవారి పేరు, ప్రారంభోత్సవము జరిపినవారి పేరు, సభకు నధ్యక్షత వహించినవారి పేరు, రెండు తేదీలు దానిపైఁ జెక్కఁబడియున్నవి. ఆ పలకకు జానెడు క్రిందుగా గోడ చెమ్మగిల్లి, నాచుపట్టి, యెల్లప్పుడును సన్నని నీటిధార కాఱుచుండును. నేను ప్రతిదినము ఆ త్రోవనే బడికిఁ బోవుదును గనుక, ఆ ధార క్రమక్రమముగా బలియుట యెనిమిదేండ్లుగాఁ జూచుచున్నాను. ఒకనాఁడు కార్యాలయమునకుఁ బోయి యడుగఁగా, అచటి గుమాస్తా మిక్కిలి మర్యాదతో నాకు కుర్చీ వేయించి, "మాస్టారుగారూ! క్రొత్త ట్యాంకునకు అంచనా పంపియున్నాము, మంజూరు కావచ్చును. పాతదానికి అతుకు వేయుటకు మాత్రము ఈ యేఁట పద్దు లేదండీ" అని చెప్పెను. ఆయన యబద్ధమాడలేదు, ఉన్నమాటయే చెప్పెను. కాని యింటికి మరలి వచ్చుచుండఁగా నాకొక పాతపుస్తకము జ్ఞప్తికి వచ్చినది.

ఆ పుస్తకమునకు వయస్సు పందొమ్మిదివందల యేండ్లకుఁ బైఁబడినది. దానిని రచించినవాఁడు సెక్స్టస్ జూలియస్ ఫ్రాంటినస్ అను రోమకుఁడు. ఇతఁడు కవి కాఁడు, తత్త్వవేత్త కాఁడు. బ్రిటను దేశమును గొన్నియేండ్లు పాలించిన సేనాని. రోములో మూఁడు పర్యాయములు కాన్సలు పదవిని వహించినవాఁడు. క్రీ. శ. 97లో నెర్వా చక్రవర్తి యితనిని నగరమునకు నీరు దెచ్చు కాలువలన్నిటికిని అధ్యక్షునిగా నియమించెను. అధికారము చేతికి వచ్చినతోడనే యితఁడు చేసిన మొదటిపని, తాను పూనుకొన్న పని యెట్టిదో తెలిసికొనుట. క్రింది యుద్యోగులు చెప్పినదానికెల్ల తలయూఁపుచు వారి చేతిలో బొమ్మవలె నుండుట పెద్దమనుష్యునికి సిగ్గుచేటని యాతని యభిప్రాయము. అందుచేత కాలువల తలలకడకుఁ బోయి నీటిని కొలిచెను. సెనేటు తీర్మానములను, శాసనములను వెదకి పోగుచేసెను. ఏ కాలువ ఎవరు త్రవ్వించిరో, ఎంత పొడవో, ఎచ్చట భూమిలోపలను ఎచ్చట కమానులమీఁదను పోవునో వ్రాసికొనెను. ఆ వ్రాఁతయే యీ గ్రంథము. చాలకాలము మఱుగుపడియున్న దీనిని 1429లో పోజియో అను ఇటలీ పండితుఁడు మోంటికసీనో మఠములోఁ గనుఁగొనెను. 1899లో క్లెమెన్స్ హెర్షెల్ అను అమెరికా ఇంజనీరు ఇంగ్లీషు భాషలోనికిఁ దెచ్చెను. నాకు లాటిను రాదు; నా చేతికిఁ జిక్కినది ఆ యనువాదమే. శబ్దపండితులు గాక నీటిపని నెఱిఁగినవాఁడొకఁడు ఈ పుస్తకమునకై యింత శ్రమపడుటయే దీని విలువను చెప్పుచున్నది.

రోము పుట్టిన తరువాత 441 సంవత్సరములు అచటి జనులు టైబరునది నీటితోను, బావులతోను, ఊటలతోను గడపుకొనిరి. మొదటి కాలువ క్రీ. పూ. 312లో వచ్చినది. దానికి అప్పియా యని పేరు. ఆ పేరు వచ్చిన విధము వినఁదగినది. ఆ యేఁట సెన్సరు పదవిలో నిద్దఱుండిరి. ఊటలను వెదకి పట్టినవాఁడు ప్లాటియస్. నీటిపట్టులను కనిపెట్టినందున అతనికి వీనాక్స్ అను బిరుదు సయితము కలిగినది. రెండవవాఁడు అప్పియస్. వారి పదవికి గడువు పదునెనిమిది నెలలు. గడువు తీఱఁగానే తానును దిగిపోవుదునను నమ్మకము ప్లాటియసునకుఁ గలిగించి, అతఁడు రాజీనామా చేసినపిమ్మట అప్పియస్ ఏవో యుపాయములచేఁ దన పదవిని పొడిగించుకొని, కాలువ ముగించి, తన పేరు పెట్టుకొనెను. ఊట కనుఁగొన్నవాని పేరు కాలువకు దక్కలేదు. పలకలమీఁద పేరెక్కు విద్య నేఁటిది కాదని యిందువలనఁ దెలియుచున్నది.

క్రీ. పూ. 272లో ఆనియో నదినుండి రెండవ కాలువ తెచ్చిరి. పిర్రస్ రాజును గెలిచి తెచ్చిన కొల్లసొమ్ము దానికి వినియోగించిరి. అటుపిమ్మట నూటయిరువదేండ్లకుఁ బైగా క్రొత్త కాలువ లేదు. ఆ లోపల పాతకాలువ లేమైనవి? క్రీ. పూ. 144 నాఁటికి రెండును వయస్సుచేత శిథిలములై యుండెను. మిగిలిన నీటిని దారిపొడవునను పొలములవారు తూట్లు పొడిచి లాగుకొనుచుండిరి. అప్పుడు సెనేటు మార్సియస్ రెక్స్ అను ప్రీటరునకు మూఁడు పనులు ఒక్కసారి యప్పగించినది: పాతవానిని బాగుచేయవలెను, దొంగిలించిన నీటిని విడిపింపవలెను, క్రొత్త నీరు తేవలెను. ఈ మూఁటిని ఒకేపనిగా నెంచుట నాకు మిక్కిలి నచ్చినది. ఇట్లు పుట్టినది మార్సియా కాలువ. దాని పొడవు 61,710 అంగలకుఁ బైగా, అనఁగా రోమకుల మైళ్లలో అఱువదియొకటి. ఈ పనులకు 18 కోట్ల సెస్టర్సులు మంజూరైనట్లు ఫ్రాంటినసు ఒక పాతచరిత్రకారుని గ్రంథమునుండి యెత్తి చూపినాఁడు. నడుమ పురోహితవర్గమువారు మఱియేదో కారణమునకు సిబిల్లా తాళపత్రములను తిరగవేయుచు, ఈ నీరు కాపిటలు కొండమీఁదికి వచ్చుట శాస్త్రసమ్మతము కాదని యొక యాక్షేపణ లేవఁదీసిరఁట. సెనేటులో రెండుమాఱులు చర్చ జరిగినది. రెండుమాఱులును మార్సియస్ పలుకుబడియే గెలిచినది. నీరు కొండ యెక్కినది.

పని ముగిసినపిమ్మట దానిని చూచుకొనువాఁ డెవఁడు? ఈ ప్రశ్నకు మొదట సరియైన యుత్తరము చెప్పినవాఁడు అగస్టస్ చక్రవర్తి మిత్రుఁడైన అగ్రిప్పా. అతఁడు క్రీ. పూ. 33లో ఈడైలు పదవిలోనుండి పాతకాలువలను మరమ్మతుచేయించి, జూలియా యను క్రొత్తకాలువను త్రవ్వించెను. పదవి యొక యేఁటితో ముగిసినను పని ముగియలేదని యెంచి, బ్రతికినంతకాలము తాను కట్టించినవానికిఁ దానే కాపరిగా నుండెను. 240 మంది పనివాండ్రను స్వంతముగాఁ బోషించి, కాలువలకు, తొట్లకు, కొళాయిలకు వారిని కావలియుంచెను. అతఁడు క్రీ. పూ. 12లో మరణించినప్పుడు ఆ పనివాండ్ర దండు అగస్టసునకుఁ జెందఁగా, అతఁడు దానిని ప్రజలపరము చేసెను. మఱుసటియేఁట సెనేటు తీర్మానములచే జలాధ్యక్షపదవి యేర్పడినది. ఒకని శ్రద్ధ సంస్థగా మాఱినది.

ఇఁక వైభవకాలపు కథ వినుఁడు. క్రీ. శ. 38లో కలిగ్యులా క్లాడియా, ఆనియోనోవస్ అను రెండు మహాకాలువల కారంభము చేసెను. పదునాలుగేండ్లకు, 52లో, క్లాడియస్ చక్రవర్తి వానిని ముగించెను. ప్లీనీ చెప్పినదానిని బట్టి వ్యయము ముప్పదియైదుకోట్ల సెస్టర్సులు. ఆనియోనోవస్ కమానులు కొన్నిచోట్ల 109 అడుగుల యెత్తు. నగరములోనికి వచ్చుచోట రాజమార్గముపై ద్వారమువలె నొక మహాకట్టడము కట్టి, దానిపైఁ గ్లాడియస్ తన శాసనము చెక్కించెను. ఆ ద్వారము నేఁటికిని నిలిచియున్నది. దానినిప్పుడు పోర్తా మజ్జోరే యందురు. దానిపై నొకటి కాదు, మూఁడు శాసనములు కలవు. రెండవది 71లో వెస్పేసియన్ చెక్కించినది: క్లాడియా తొమ్మిదేండ్లుగా తెగి, పాడుపడియుండఁగాఁ దన స్వంత వ్యయముతో బాగుచేయించితినని యందుఁ జెప్పుకొన్నాఁడు. లెక్క చూడుఁడు. 52లో వచ్చిన నీరు పదేండ్లు పాఱి నిలిచిపోయినది. నిలిచిన నీరు తొమ్మిదేండ్లు రాలేదు. మూఁడవ శాసనము 81లో టైటస్ వేయించినది. ముసలితనముచే మొదలంట శిథిలమైన కాలువను మఱల నిలిపితినని దాని సారాంశము. ముప్పదియేండ్లయినను నిండని కాలువకు ముసలితన మనుట నాకు నవ్వు తెప్పించినది. ఫ్రాంటినసు మాత్రము నవ్వలేదు. కాలువలు చెడుటకుఁ గారణములను చెప్పుచు, పొలములవారి యాక్రమణము, వయస్సు, గాలివానలు, పనిలోని లోపము అని పేర్కొని, ఈ కడపటిది ఇటీవలి కట్టడములలోనే తఱచని తాపీగా నొక్కమాట చేర్చినాఁడు. చక్రవర్తుల పేర్లెత్తలేదు. ఎత్తనక్కఱయు లేదు.

ఒకే ద్వారముపై మూఁడు శాసనములు! మరమ్మతు సయితము కీర్తికి సాధనమైనప్పుడు, ఎవ్వఁడును చిన్నమరమ్మతు చేయఁడు. పాడై, తెగి, జనులు దప్పికచే మొఱలిడిన తరువాతనే చేయును. చిన్నబీటకు సున్నము పూసినవానికి శాసన మెవ్వరు వేయుదురు?

ఫ్రాంటినసు వచ్చునప్పటికి నగరమునకు తొమ్మిది కాలువలు. అందొకటి, అల్సియటినా యనునది, త్రాగుటకుఁ బనికిరాని నీటిది. అంతటి వివేకియైన అగస్టసు దీని నేల తెచ్చెనో తనకుఁ దెలియదని ఫ్రాంటినసు వ్రాసి, నౌకాయుద్ధపు వేడుకల కొలనును నింపుటకేమో యని యూహించెను. ఇఁక లెక్కపుస్తకములు తెఱచి చూడఁగా నొక వింత కనఁబడినది. నీటిని వారు క్వినేరియా యను కొలతతో లెక్కించుచుండిరి. పుస్తకములోని జమ 12,755, పంపకము 14,018. వచ్చినదానికంటె పోయినది 1,263 ఎక్కువ! ఇంటిపద్దులు వ్రాయు గృహిణులెవరైన నీ చిట్టాను చూచినచో ఆ గుమాస్తాను పిలిపించి నిలువఁదీయుదురు. ఏండ్ల తరబడి యెవ్వరును నిలువఁదీయలేదు. ఫ్రాంటినసు కాలువల తలలకడ స్వయముగాఁ గొలిపింపఁగా మఱియొక వింత. అసలు వచ్చుచున్న నీరు పుస్తకములోనిదానికంటె సుమారు పదివేల క్వినేరియాలు అధికము. అనఁగా జమయు తప్పే, ఖర్చును తప్పే. నడుమనున్న నీరు దొంగల పాలు.

ఆ దొంగతనముల వర్ణన గ్రంథమునందలి రమ్యభాగము. నీటిమనుష్యులు గొట్టముల కొలతలనే మార్చిరి. తాము పుచ్చుకొను గొట్టము ప్రమాణముకంటె పెద్దది, ఇతరుల కిచ్చునది చిన్నది. ఇల్లు చేతులు మాఱి నీటిహక్కు క్రొత్తయజమానికి వచ్చినపుడు, తొట్టికి క్రొత్తరంధ్రము పొడిచి, పాతరంధ్రమును పూడ్చక దానినుండి నీరమ్ముకొనుచుండిరి. వీధుల బండపరపు క్రింద నగరమంతటను రహస్యపు గొట్టములు వ్యాపించియుండెను. దారిలోనున్న యంగళ్లకన్నిటికి వానినుండి నీరు పోవుచుండెను. ఈ పని చూచుటకుఁ బ్రత్యేకముగా నొక మనుష్యుఁడే యుండెనఁట! ఆ గొట్టములను పెఱికించినపుడు సర్కారునకు దక్కిన సీసము కొద్దిపాటిది కాదని ఫ్రాంటినసు సంతృప్తితో వ్రాసికొన్నాఁడు. నీటిని తిరిగి పట్టినవాని సంతోషము ఆ వాక్యమునఁ గనఁబడును.

ఆతని కొలతలోను లోపము కలదు. క్వినేరియా యనునది గొట్టపు నోటి వైశాల్యముపై నేర్పడినది. నీటి వేగమును కొలుచు సాధన మాతనికి లేదు. వేగముగాఁ బాఱు కాలువలో లెక్కకంటె నీరెక్కువ యుండునని గ్రహించెను గాని దానిని అంకెలలోఁ బెట్టలేకపోయెను. అందుచే దొంగలపాలైనదని యాతఁడు చెప్పిన నీటిలోఁ గొంత కొలతతప్పు సయితమై యుండవచ్చును. అయినను తప్పుకొలతయైనను కొలిచిన యధికారి, కొలువని యధికారికంటె మేలు.

నిర్వాహమునకు వత్తము. క్లాడియస్ తన కాలువలతోఁబాటు 460 మంది పనివాండ్రను చేర్చెను. అగ్రిప్పా దండుతోఁ గలిపి 700 మంది. అందు మేస్త్రీలు, తొట్లకావలివారు, కాలువలవెంట తిరుగువారు, బండలు పఱచువారు, గచ్చుపనివారు అను తెగలుండెను. కొందఱు ఊరివెలుపల చిన్నచిన్న మరమ్మతులకై యుండిరి. కొందఱు ఊరిలోపల తొట్లకడ సిద్ధముగా నుండిరి. ఏ పేటలోనైన నిప్పంటుకొన్నను మఱి యే యాపద వచ్చినను, ఇతరపేటల నీటిని అటు మళ్లింపవలసినవారు వీరే. కాని పై యధికారుల మొగమోటముచేతను, మేస్త్రీల యలసత్వముచేతను వీరు గొప్పవారి యిండ్ల పనులకుఁ బోవుచుండిరి. ఫ్రాంటినసు చేసిన మందు మిక్కిలి సులభమైనది: రేపు చేయవలసిన పనిని నేఁడే వ్రాసి యిచ్చుట, నేఁడు చేసిన పనిని నేఁడే పుస్తకములో నెక్కించుట.

సొమ్ముమాట యింతకంటె ముఖ్యము. తోఁటలకు, కట్టడములకు నీరు తీసికొనువారు చెల్లించు పన్ను ఏఁటికి సుమారు రెండులక్షల యేఁబదివేల సెస్టర్సులు. ప్రజలదండు వ్యయమునకు దీనితో సరిపెట్టుకొనవలెనని యేర్పాటు. పెద్ద సొమ్ము కాదు. కాని నీటివలన వచ్చినది నీటికే పోవలెనను నియమమది. డొమిషియన్ చక్రవర్తి కాలమున నిది యాతని స్వంతపెట్టెలోఁ బడఁజొచ్చినది. నెర్వా దానిని తిరిగి ప్రజలకిచ్చెను. ఫ్రాంటినసు ఏయేచోట్లు పన్నునకు లోనగునో స్పష్టముగా నేర్పఱచెను. చక్రవర్తి దండునకు జీతబత్తెములు, సీసము, కాలువల తొట్ల వ్యయము రాజఖజానానుండి వచ్చుచుండెను.

మరమ్మతునుగూర్చి యాతఁడు వ్రాసిన పుటలను నేను రెండుమూఁడుమాఱులు చదివితిని. భూమిలోపలి కాలువకు ఎండ, మంచు తగులవు గనుక అది మన్నికగలది. కమానులమీఁదిది, కొండవాలునఁ బోవునది ముందు చెడును. కావలి యక్కడ నధికముగా నుండవలెను. ఏయేచోట లోయలున్నవో, ఏయేచోట నదులను దాఁటవలెనో చూపు పటములను వ్రాయించి యెదుటఁ బెట్టుకొనెను. గదిలోఁ గూర్చుండియే కాలువయొద్ద నిలిచినట్లు ఆలోచింపవచ్చునని యాతని యుద్దేశము. నీటిలోని సున్నము గట్టిపడి లోపల పొరలుపొరలుగాఁ బేరుకొని దారిని ఇఱుకుచేయును. లోగచ్చు చెడినయెడల నీరు వెలుపలికిఁ గాఱి ప్రక్కగోడలను, కట్టుబడిని తినివేయును. నీరు పాఱుచుండఁగాఁ జేయఁగూడిన పని వేఱు, నీటిని నిలిపి చేయవలసిన పని వేఱు. రెండవదానిని వేసవిలోఁ జేయరాదు. జనులకు నీరెక్కువ కావలసిన కాలమది. వసంతముననో శరత్తుననో, సామగ్రి యంతయు ముందే సమకూర్చుకొని, కొలఁది దినములలో ముగింపవలెను. ఒకసారి ఒక్క కాలువనే నిలుపవలెను. క్రొత్తకట్టుబడికి మాత్రము ఏప్రిలు మొదలు నవంబరు మొదటివఱకు మంచికాలము. అందును నడివేసవి మండుటెండలలో పని యాపవలెను. నగరమునకు దగ్గఱ కమానులు బాగుచేయునపుడు నీరాగకుండ సీసపు దోనెలతో ఆ మేర దాఁటించిరి. కాలువ కిరుప్రక్కల పదునైదేసి యడుగులు, భూమిలోపలి కాలువకు అయిదేసి యడుగులు ఖాళీగా విడువవలెనని సెనేటు తీర్మానము. చెట్లవేళ్లు గోడలను చీల్చునని భయము. దీనిని మీఱినవారికి పదివేల సెస్టర్సుల జుల్మానా. బుద్ధిపూర్వకముగాఁ గాలువను పొడిచినవానికి లక్ష.

వీధిలోని తొట్లనుగూర్చి యొకమాట చెప్పక విడువలేను. ఇంటికి స్వంతగొట్టము ధనవంతులకే. తక్కినవారు, అందును స్త్రీలు, పనివాండ్రు, కడవలతో వీధితొట్టికి వచ్చువారే. ఆ తొట్లలోఁ బెక్కింటికి రెండేసి కొళాయిలు, రెండు వేఱువేఱు కాలువలనుండి యమర్చఁబడినవి. ఒక కాలువ మరమ్మతునకై నిలిచినను రెండవది పాఱుచుండును. ఇట్టి యేర్పాటు చేయవలెనన్న, కాలువ చెడునను సంగతి ముందే యొప్పుకొనవలెను. మన ప్రారంభోత్సవములలో ఆ యొప్పుకోలు వినఁబడునా? అట్లే, మార్సియా నీరు మిక్కిలి నిర్మలమైనది యయ్యును స్నానశాలలకు, చాకలిపనికి, చెప్పరాని నీచవినియోగములకుఁ బోవుచుండెను. ఫ్రాంటినసు నీళ్లను వేఱుచేయించి మార్సియాను త్రాగుటకు, ఆనియోను తోఁటలకు నియోగించెను.

ఇంతమాత్రముచేత రోమును సత్యయుగముగాఁ జేసి పొగడుట నా యుద్దేశము కాదు. ఆ ఏడువందలమంది బానిసలు. వారి పేరొక్కటియు నా పుస్తకములో లేదు. కాలువలోపల చీఁకటిలో మోఁకాళ్లమీఁదఁ బ్రాఁకుచు సున్నపుపొరలను చెక్కినవారు వారే. ఫ్రాంటినసు వారి యలసత్వమును చెప్పినాఁడు గాని వారి కష్టమును చెప్పలేదు. కాపుదల పనికి గౌరవము లేకపోవుటకు, ఆ పని యొకప్పుడు బానిసలదియు వెట్టివారిదియు నగుట యొక కారణమని నా నమ్మకము. మన దేశమునను కథ భిన్నము కాదు. కట్ట తెగునపుడు గ్రామస్థులచే నిర్బంధముగాఁ బనిచేయించుటకు మద్రాసు ప్రభుత్వము 1858లో శాసనమే చేసినది. మురికికాలువల లోనికి మనుష్యుని దింపుట మానుపవలెనని నేఁటికిని మనము వాదింపవలసియున్నది.

మన పూర్వులు కట్టుటలో రోమకులకుఁ దీసిపోలేదు. కడపమండలమున పోరుమామిళ్ల చెఱువు శాసనమును సంస్కృతము చదివిన ప్రతివాఁడును చూడఁదగును. శకవర్షము 1291, అనఁగా 1369లో, బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు, నామాంతరమున భవదూరుఁడు, వేయించినది. చెఱువున కుండవలసిన పండ్రెండు సాధనములను, ఉండరాని యాఱు దోషములను అందు లెక్కించిరి. ధర్మపరుఁడైన రాజు, జలశాస్త్ర మెఱిఁగిన బ్రాహ్మణుఁడు, గట్టిమన్ను గల నేల, తీయనినీటి నది, పొడవైన ఱాళ్లుగల గని, పని నేర్చిన జనుల గుంపు ఇవి సాధనములలోనివి. కట్టనుండి నీరూరుట, చవుడునేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెఱువునడుమ మిట్ట, నీరు కొలఁది యాయకట్టు మెండు, నీరు మెండు నేల కొలఁది యగుట ఇవి దోషములు. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, ఱాళ్లకు నూఱు బండ్లు. ఇంత జాగ్రత్తగా వ్రాసిన యా పండ్రెండింటిలోఁ గట్ట ముగిసినపిమ్మట దానిని చూచుకొనువాఁడు లేఁడు! సప్తసంతానములలోఁ దటాకమును బుత్రునితోఁ జేర్చిరి గదా. కన్నకొడుకును పెంచవలెనని యెవరును వ్రాయరు, అట్లే యని సరిపెట్టుకొందమా?

శాసనములో లేని దానిని దశబంధము చేసినది. చెఱువు త్రవ్వించిన లేక బాగుచేయించిన వానికి భూమియో, రాఁబడిలో భాగమో మాన్యముగా నిచ్చి, కట్టను, తూమును, అలుగును ఎల్లప్పుడును మరమ్మతులో నుంచవలెనని నియమింతురు. పదియవవంతను నర్థమునుబట్టి దానికా పేరు. రాయలసీమలో నిట్టి మాన్యములు బహుళముగా నుండెను. ఇంగ్లీషువారి కాలమునను గొనసాగినవి. నీటివలనఁ బండినదానిలో నొకభాగము నీటికే యన్న ఫ్రాంటినసు నియమము మన పల్లెలలో నీ రూపమున నుండెనని చెప్పవచ్చును. దానికిని బలహీనత కలదు. మాన్యము కొడుకులకు, మనుమలకుఁ బంపకమైనట్లు కట్టబాధ్యత పంపకము కాదు. నలుగురన్నదమ్ములలో పూడిక తీయువాఁ డెవఁడు? 1876-78 సంవత్సరముల మహాకఱవు తరువాత, 1883లో మద్రాసు ప్రభుత్వమువారు చెఱువుల పునరుద్ధారణకై యొక పథకమును మొదలిడి, ఒక్కొక్క చెఱువును సర్వేచేయించి, కొలతలను నమోదుచేయించిరి. మొదట తెలిసికొనుట, తరువాతఁ జేయుట, ఫ్రాంటినసు పద్ధతియే.

ఆ ముసలి జలాధ్యక్షుఁడు 103 ప్రాంతమున మరణించెను. తనకు సమాధిచిహ్నము కట్టవలదని, అది వ్యర్థవ్యయమని ఆదేశించి పోయినట్లు చిన్నప్లీనీ లేఖ యొకటి తెలుపుచున్నది. 537లో గోతుల రాజు విటిజిస్ రోమును ముట్టడించి కాలువలను తెగఁగొట్టించెను. కమానులమీఁది మహాకాలువలు కాలక్రమమున నెండిపోయినవి. అగ్రిప్పా క్రీ. పూ. 19లో తెచ్చిన విర్గో మాత్రము చాలవఱకు భూమిలోపలనే పోవుటచేఁ బూర్తిగాఁ జావక, యెప్పటికప్పుడు అతుకులతో బ్రతికి, 1570లో బాగుగా మరమ్మతుపొందినది. 1762లో ముగిసిన ట్రెవీ జలయంత్రమునకు నీ నీరే చేరినది. యాత్రికులు నాణెములు విసరు ఆ కొలనును ఛాయాపటములలోఁ జూచినవారు మనలోఁ జాలమంది కలరు.

గతమాసమున మా యెనిమిదవతరగతి పిల్లలను ఆ ట్యాంకుకడకుఁ దీసికొనిపోయితిని. ధార క్రింద పదునైదు లీటర్ల బిందె నుంచి గడియారము చూచిరి. ఇరువది నిమిషములకు నిండినది. దినమునకు డెబ్బదిరెండు బిందెలని వారే గుణించిరి. ఒక బాలిక, తమ వీధికి రెండుదినముల కొకసారి వచ్చు కొళాయిలో తమ యింటికి దక్కునది ఆఱు బిందెలని చెప్పెను. ఆ యంకెలను, తేదీని, కొలిచిన సమయమును నోటుపుస్తకమున వ్రాయించి, శుభ్రప్రతి యొకటి కార్యాలయమునకుఁ బంపితిమి. ఇప్పటివఱకు ప్రత్యుత్తరము రాలేదు. వచ్చునెల మొదటి సోమవారమున పిల్లలు మఱల బిందె తీసికొని పోవుదురు.